పిల్లలతో పులియబెట్టే వంటలు: పెరుగు గ్లాసులతో మొదలుపెట్టండి

మీ ప్రశ్నలో మూడు విషయాలున్నాయి. తొమ్మిదేళ్ళ పాప వీడియోలు చూసి ఈ సెలవుల్లో కొంబుచా (పులియబెట్టిన తీపి టీ), కిమ్చీ (కొరియావాళ్ళ పులియబెట్టిన క్యాబేజీ) చేద్దామని పట్టుబడుతోంది, ఐదేళ్ళ తమ్ముడు వెనకే వంత పాడుతున్నాడు. మీవారికేమో పాడైనదేదైనా పిల్లల కడుపులోకి పోతుందేమోనని టెన్షన్. పైగా మీ ఇంట్లో పెరుగే సరిగ్గా తోడుకోవడం లేదు, నీళ్ళు నీళ్ళుగా వస్తోందన్నారు. ఆ మూడోది సరిచేసుకుంటుంటే మొదటి రెండింటికీ సగం జవాబు దొరుకుతుంది, కాబట్టి అక్కడినుంచే వస్తాను. నేను డిగ్రీ పిల్లలకు మైక్రోబయాలజీ చెప్పేదాన్ని. ఇప్పుడు ప్రతి ఎండాకాలం మా అపార్ట్‌మెంట్ పిల్లలతో ఇవే పనులు చేయిస్తుంటాను.

ముందు పాప కోరిక సంగతి. కొంబుచా వద్దు. అది పులిసేటప్పుడు కొద్దో గొప్పో ఆల్కహాల్ తయారవుతుంది, ఎంత తయారైందో ఇంట్లో తేల్చుకోవడం కష్టం. పైగా టీ, పంచదార. పెద్దవాళ్ళ సరదా అది. కిమ్చీలో తప్పేం లేదు గానీ, తను నోట పెట్టని వంటకం కోసం ఐదేళ్ళవాడు రోజుల తరబడి ఎదురుచూడడు. పిల్లలతో ఏం చేయించాలో ఎంచుకునేటప్పుడు నేను చూసేవి రెండే: ఫలితం ఎంత త్వరగా కనిపిస్తుంది, అది వాళ్ళు ఎలాగూ తినేదేనా. పెరుగు ఐదారు గంటల పని. ఇడ్లీ పిండి ఒక రాత్రి. ఉప్పునీళ్ళ క్యారెట్ మూడు నాలుగు రోజులు. చల్ల మిరపకాయలు ఎండేసరికి వారం పైనే. ఈ వరసలో వెళ్ళండి.

పెరుగు. మీది నీళ్ళుగా రావడానికి కారణం చాలావరకు పాలు, వేడి, ఈ రెండింట్లోనే ఉంటుంది. పాకెట్ పాలలో టోన్డ్ పాలకు వెన్న 3 శాతం, ఫుల్ క్రీమ్‌కు 6 శాతం. డబుల్ టోన్డ్ అయితే 1.5 మాత్రమే. టోన్డ్ పాలతోనూ గట్టి పెరుగు వస్తుంది, కాకపోతే ఒక పొంగు రాగానే దించేయకుండా సన్నటి సెగ మీద ఇంకో పది నిమిషాలు కాగనివ్వాలి. అలా కాగితే పాలలోని కొన్ని ప్రొటీన్లు రూపం మారి, తర్వాత పెరుగు గట్టిగా కట్టుకోవడానికి సాయపడతాయి. రెండోది తోడు వేసే వేడి. పెరుగు చేసే బాక్టీరియాకు 40 నుంచి 45 డిగ్రీలు హాయి. పొగలు కక్కే పాలలో తోడు వేస్తే అవి చచ్చిపోతాయి, బాగా చల్లారాక వేస్తే మందకొడిగా పనిచేస్తాయి. చల్లటి పాలలో నెమ్మదిగా తోడుకున్న పెరుగే ఒక్కోసారి జిగటగా, చెంచాతో ఎత్తితే తీగలు సాగుతూ వస్తుంది. అలా వస్తుంటే తోడు మార్చేయండి, పక్కింట్లో అడిగి తెచ్చుకోండి. తోడు ఎక్కువ వేస్తే గట్టిగా వస్తుందనుకోవడం కూడా పొరపాటే, తొందరగా పులిసి తేట విడుస్తుంది. లీటరు పాలకు రెండు టీస్పూన్లు చాలు. తోడుకుంటున్న గిన్నెను కదపొద్దు. పిల్లలు మూత తీసి చూడాలని ఎగబడతారు కాబట్టి ఈ మాట వాళ్ళకే అప్పజెప్పండి, కాపలా వాళ్ళే కాస్తారు.

ఇప్పుడు దీన్నే ప్రయోగం చేయండి. లీటరు పాలు కాచి నాలుగు గాజు గ్లాసుల్లో పోయాలి. మొదటిదాంట్లో పాలు పొగలు కక్కుతుండగానే అర చెంచా తోడు. రెండోది గోరువెచ్చగా అయ్యాక అంతే తోడు. మూడోది కూడా అదే వేడి, అదే తోడు, కానీ వెంటనే ఫ్రిజ్‌లోకి. నాలుగోది గోరువెచ్చగా, తోడు లేకుండా. పాప కాగితం చీటీలు రాసి అంటిస్తుంది, బాబు చెంచాతో తోడు వేస్తాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక వేస్తే రాత్రి భోజనం వేళకు తేడా తెలిసిపోతుంది: రెండో గ్లాసు ఒక్కటే వంచినా ఒలకకుండా నిలబడుతుంది. ఎందుకలా అని పాప అడుగుతుంది. అప్పుడు చెప్పండి: పాలలో లాక్టోజ్ అనే చక్కెర ఉంటుంది, దాన్ని బాక్టీరియా తిని లాక్టిక్ ఆమ్లం వదులుతాయి. ఆ పులుపుకి కేసీన్ అనే ప్రొటీన్ వలలా అల్లుకుని నీళ్ళను తనలో పట్టేసుకుంటుంది. ఈ పులుపు వెనక బతికున్న సూక్ష్మజీవులున్నాయని లూయీ పాశ్చర్ 1857లో చెప్పాడు. 1905లో జెనీవాలో చదువుకుంటున్న స్టామెన్ గ్రిగరోవ్ అనే బల్గేరియా కుర్రాడు సొంతూరి పెరుగులోంచి ఒక బాక్టీరియాను వేరుచేసి చూపించాడు. లాక్టోబాసిల్లస్ బల్గారికస్ అన్న పేరు దానికి అలా వచ్చిందే. ఇంటి పెరుగు గిన్నెతో సైన్సులో పేరు తెచ్చుకోవచ్చన్న మాట ఈ వయసు పిల్లలకు భలే నచ్చుతుంది.

వేడి చూడటానికి వంటింటి డిజిటల్ థర్మామీటర్ ఒకటి కొనండి, ఖరీదేం కాదు. జ్వరం చూసే థర్మామీటర్ మాత్రం పాలలో పెట్టనివ్వకండి. పాతకాలం గాజువాటిలో పాదరసం ఉంటుంది. థర్మామీటర్ లేకపోతే శుభ్రమైన చెంచాతో ఒక చుక్క మీ మణికట్టు మీద వేసుకోండి, వెచ్చగా తగలాలి గానీ చురుక్కుమనకూడదు. మొదటి చుక్క ఎప్పుడూ మీ చేతి మీదే, పిల్లల చేతి మీద కాదు.

మిరపకాయ తొడిమలు వేస్తే తోడు లేకుండానే పాలు తోడుకుంటాయని విన్నారో లేదో, విదేశాల్లో తోడు దొరకని మనవాళ్ళు వాడే చిట్కా అది. తొడిమలకు అంటుకుని ఉన్న బాక్టీరియాతోనే జరుగుతుంది కాబట్టి ఒక్కోసారి వస్తుంది, ఒక్కోసారి రాదు. ఐదో గ్లాసుగా పెట్టి చూడండి. చూడటానికే, తినడానికి కాదు.

ఇక్కడే మీవారి భయానికి జవాబు చెప్పాలి. పాడవుతుందని తెలిసి కావాలని పెట్టే గ్లాసులు ఈ ప్రయోగాలన్నింట్లో ఉంటాయి. వాటిమీద ఎర్ర బొట్టుబిళ్ళ అంటించండి. ఎర్ర బొట్టు ఉన్నది ఎవరూ నాకకూడదు, చూసి సింకులో పారబోయడమే. ఐదేళ్ళవాడికి చదవడం రాకపోయినా బొట్టు అర్థమవుతుంది. మా అపార్ట్‌మెంట్‌లో ఒక బుడ్డోడైతే ఈ నియమాన్ని వాళ్ళమ్మ కాకరకాయ కూర గిన్నె మీద కూడా అమలు చేశాడు.

ఇడ్లీ పిండి గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే పులియడం కళ్ళకు కట్టేది ఇందులోనే. ఒక గ్లాసు మినపగుళ్ళు నాలుగైదు గంటలు నానబెట్టండి. రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ విడిగా నానాలి. పప్పు రుబ్బేటప్పుడు చల్లటి నీళ్ళు కొంచెం కొంచెంగా పోయండి, మిక్సీలో అయితే మరీ ముఖ్యం, పిండి వేడెక్కకూడదు. రుబ్బడం సరిపోయిందో లేదో పాప చూసి చెప్పగలదు: గ్లాసు నీళ్ళలో చిన్న ముద్ద వేస్తే తేలాలి, మునిగితే ఇంకా రుబ్బాలి. నానిన రవ్వలోని నీళ్ళు గట్టిగా పిండేసి, రుబ్బిన పప్పులో కలిపే పని బాబుది. మోచేతులదాకా చేతులు కడిగించి గిన్నెలో వదిలేయండి. చేత్తో కలిపితేనే పులుస్తుందని పెద్దవాళ్ళంటారు. చేతి వేడి, బాగా కలవడం మేలు చేస్తాయేమో గానీ అసలు పని చేసేవి మినప్పప్పుతో వచ్చే బాక్టీరియానే. 1965లో అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకులు మన ఇడ్లీ పిండిని పరీక్షించి, దాన్ని పొంగించడంలో ముఖ్యపాత్ర ల్యూకోనోస్టాక్ మెసెంటరాయిడిస్ అనే బాక్టీరియాది అని తేల్చారు. అది పులుపుతో పాటు కార్బన్ డయాక్సైడ్ కూడా వదులుతుంది. మినప జిగురు ఆ గాలిని పట్టి ఉంచుతుంది. అందుకే సోడా ఉప్పు అక్కర్లేకుండా ఇడ్లీ మెత్తగా వస్తుంది.

దీన్ని పిల్లలు తమంతట తామే కనిపెట్టేలా చేయొచ్చు. గాజు సీసాలు మూడు తీసుకోండి. ఒకదాంట్లో మామూలు పిండి, ఇంకోదాంట్లో నానిన రవ్వ నీళ్ళతో కలిపి పప్పు లేకుండా, మూడోదాంట్లో మళ్ళీ మామూలు పిండే కానీ ఫ్రిజ్‌లో. మూడింటినీ సగానికే నింపి పిండి మట్టానికి రబ్బరు బ్యాండ్ వేయాలి. రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి, లేవగానే ఒకసారి పాప నోటు పుస్తకంలో ఎంత పైకొచ్చిందో స్కేలుతో కొలిచి రాస్తుంది. పొద్దున్నే మొదటి సీసాను వెలుతురు వైపు పట్టుకుని చూపించండి. గాజుకి ఆనుకుని చిన్నా పెద్దా బుడగలు, కొన్ని గుండ్రంగా, కొన్ని పైకి సాగి కోడిగుడ్డు ఆకారంలో ఉంటాయి. చెంచా దింపితే సన్నగా బుస్సుమంటుంది. రవ్వ సీసాలో రవ్వ అడుక్కి చేరి, పైన నీళ్ళు తేలి ఉంటాయి. ఒక్క మాట చెప్పకుండానే పొంగు పప్పుదని వాళ్ళే అంటారు. మేలో హైదరాబాద్ వేడికి పిండి ఏడెనిమిది గంటల్లోనే పొంగుతుంది, కాబట్టి పెద్ద గిన్నెలో పెట్టండి, కింద పళ్ళెం వేయండి. అమెరికాలో చలికాలంలో మనవాళ్ళు లైటు వేసిన ఓవెన్‌లో పెడతారు. మీ చెల్లెలు డాలస్‌లో ఉందన్నారు కదా, తనకు చెప్పండి: ఓవెన్ తలుపుకి "లోపల పిండి ఉంది" అని కాగితం అంటించమని. ప్లాస్టిక్ డబ్బాతో సహా పిండిని కాల్చేసిన ఇళ్ళు నాకు తెలుసు.

మిగిలిన పిండి మర్నాటికి ఇంకా పులుస్తుంది. దళసరి కళాయిలో నూనె వేసి, పిండి మందంగా పోసి, మూతపెట్టి సన్నసెగ మీద దిబ్బరొట్టె కాల్చండి. పులుపెక్కిన పిండి ఏమవుతుందన్న పాఠం అడుగున ఎర్రగా కాలిన ఆ రొట్టెతో బాగా ఎక్కుతుంది.

మధ్యలో ఒక మధ్యాహ్నం శంఖపుష్పాలు దొరికితే తెంపుకురండి. అరడజను నీలం పూలు వేడినీళ్ళలో వేస్తే నీళ్ళు ముదురు నీలమవుతాయి. చల్లారాక చిన్న గిన్నెల్లో పోసి, ఒకదాంట్లో పెరుగు తేట, ఒకదాంట్లో నిమ్మరసం, ఒకదాంట్లో వట్టి నీళ్ళు చుక్కలు చుక్కలుగా వేయించండి. పులుపు పెరిగేకొద్దీ నీలం ఊదాగా, ఆపైన గులాబీ రంగుకి తిరుగుతుంది. మూణ్ణాటి పెరుగు తేట, ఇవాళ్టి పెరుగు తేట పక్కపక్కన పెడితే ఇంకా బాగుంటుంది. పసుపుతో చేద్దామని చూడకండి, అది సున్నానికీ సబ్బుకీ ఎర్రబడుతుంది గానీ పులుపుకి మారదు.

ఉప్పునీళ్ళ క్యారెట్ మీ పాపకు లెక్కలు కూడా నేర్పుతుంది. అర లీటరు కాచి చల్లార్చిన నీళ్ళు, 15 గ్రాముల ఉప్పు, అంటే 3 శాతం. చెంచా లెక్క వద్దు, కల్లుప్పు, మెత్తటి ఉప్పు ఒకే చెంచాకి ఒకే బరువు తూగవు. త్రాసు మీద తూయించండి. క్యారెట్ పుల్లలు సీసాలో నిలువుగా బిగుతుగా పేర్చి, రెండు వెల్లుల్లి రెబ్బలు, కాస్త జీలకర్ర వేసి ఉప్పునీళ్ళు పోయాలి. ముక్కలు ఎప్పుడూ నీళ్ళలో మునిగే ఉండాలి, పైకి తేలిన ముక్కకే బూజు పడుతుంది. అవి లేవకుండా పైన ఒక చిన్న గాజు గిన్నె బరువు పెట్టండి. మూత వదులుగా ఉంచండి. బిగిస్తే గాలి చేరి సీసా పగిలే ప్రమాదం ఉంది. రెండో రోజుకి నీళ్ళు కాస్త మసకబారి, పుల్లల వెంబడి సన్నటి బుడగలు వరసగా పైకి పాకుతుంటాయి. మూడో రోజో నాలుగో రోజో పుల్లటి వాసన వచ్చాక మీరు ముందు రుచి చూసి, బాగుంటే ఫ్రిజ్‌లోకి మార్చండి. ఎండలు మండుతున్నప్పుడు సీసాను ఇంట్లో అన్నిటికన్నా చల్లటి గదిలో ఉంచాలి, లేకపోతే ముక్క మెత్తబడుతుంది. ఉప్పు ఇక్కడ రుచి కోసం కాదు. కుళ్ళబెట్టే బాక్టీరియాలో చాలావాటికి అంత ఉప్పు పడదు, పులుపు చేసేవి తట్టుకుంటాయి. ఉప్పు వేయని సీసా ఒకటి, ఎర్ర బొట్టుతో, పక్కన పెడితే మూడో రోజుకి ముక్కే చెబుతుంది. ఇందులో ఉప్పు ఎక్కువ కాబట్టి పిల్లలకు పూటకి రెండు మూడు పుల్లలు చాలు. బాబుకి సన్నగా తరిగి, కూర్చోబెట్టి ఇవ్వండి.

వాసనలకు పేర్లు పెట్టమనండి. మా పిల్లల పుస్తకంలో "దోశ వాసన", "నిమ్మకాయ వాసన", "అన్నయ్య సాక్సుల వాసన" అని మూడు గడులున్నాయి. మూడో గడిలో పడినది పారేస్తాం. మామూలు పులుపు వాసన మంచిదే. కుళ్ళిన గుడ్డు వాసన, పేడ వాసన వస్తే, పచ్చగా, నల్లగా, గులాబీ రంగులో, నూగులా ఏది కనిపించినా మొత్తం పారేయాలి. పైపైన తీసేసి మిగతాది వాడుకునే పొదుపు పిల్లల దగ్గర వద్దు. తెల్లగా, పలచగా, మడతలు పడ్డ పొర అయితే అది ఈస్ట్, హాని చేయదంటారు. అయినా మీకు అలవాటయ్యేదాకా దాన్నీ పారేయండి. కొలత కావాలంటే లేబొరేటరీ సామాన్లు అమ్మేచోట పీహెచ్ కాగితాలు దొరుకుతాయి, పులుపు ఎంతుందో రంగుతో చూపిస్తాయి, అంకె తగ్గేకొద్దీ పులుపెక్కువ. ఊరిన ఉప్పునీళ్ళు 4.6 కన్నా కిందికి దిగాలి, ఆ పులుపులో బోటులిజం అనే ప్రాణాంతకమైన ఆహార విషాన్ని తెచ్చే బాక్టీరియా పెరగలేదు. నేనైతే 4 దాకా ఆగుతాను. పిల్లల్లో ఎవరికైనా రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడుతుంటే ఇవి పెట్టే ముందు డాక్టర్ని అడగాలి.

అన్నిటికన్నా నేను జాగ్రత్త చెప్పేది చద్దన్నం విషయంలో. పెరుగు పాడైతే నాలుకకు తెలుస్తుంది, అన్నం అలా కాదు. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు వండినా చావవు. అన్నం గంటల తరబడి బయట ఉంటే అవి మొలిచి విషం చేస్తాయి. దాంట్లో ఒక రకం విషం మళ్ళీ వేడిచేసినా పోదు. కాబట్టి మధ్యాహ్నం నుంచి వంటింటి గట్టు మీద ఉన్న అన్నానికి రాత్రి నీళ్ళు పోసి చద్దన్నం అనకండి. రాత్రి వేడివేడిగా వండిన అన్నాన్ని కొంచెం చిదిమి, వెడల్పు గిన్నెలో పరిచి గోరువెచ్చగా కానిచ్చి, వెంటనే కాచిన గోరువెచ్చటి పాలు మునిగేదాకా పోసి, చెంచాడు పెరుగు తోడు వేయండి. పులుపు త్వరగా ఎక్కితే చెడ్డ బాక్టీరియాకు చోటు తగ్గుతుంది. పొద్దున్నే ఉప్పు, సన్నగా తరిగిన ఉల్లిపాయ వేసి పెడితే ఐదేళ్ళవాళ్ళు కూడా తింటారు. అప్పటికి తోడుకోకుండా పాలలాగే ఉంటే మాత్రం పెట్టొద్దు. గోదావరి వైపు తరవాణి కుండ (గంజిని పులియబెట్టే కుండ) పెట్టేవాళ్ళు, దాన్ని రోజూ గంజి చేరుస్తూ, కడుగుతూ కనిపెట్టుకుని ఉండాలి. చూసి నేర్చుకోకుండా మొదటిసారే పిల్లల కోసం దాని జోలికి వెళ్ళమని నేను చెప్పను.

చల్ల మిరపకాయలు పాపకు మాత్రమే, బాబు దూరంగా ఉండాలి. గాట్లు మీరు పెట్టండి. ఉప్పు వేసిన పుల్లటి మజ్జిగలో రెండు మూడు రోజులు నానాక, పగలు డాబా మీద ఎండకి, రాత్రి మళ్ళీ అదే మజ్జిగలోకి, మజ్జిగంతా మిరపకాయలు పీల్చేసేదాకా. ఆ తర్వాత గలగలలాడేలా ఎండాలి. తీయడం, వేయడం చిల్లుల గరిటెతోనే, చేత్తో ముట్టి కళ్ళు నులుముకుంటే ఆ రోజుకి అంతే సంగతులు. ఆవకాయ కూడా ఇందులో చేర్చొచ్చా అని అడిగారు. పిల్లలతో పెట్టండి, ముక్కలు తడి లేకుండా తుడిచే పని వాళ్ళకు బ్రహ్మాండంగా కుదురుతుంది, కానీ పులియడం అంటే ఏమిటో చూపించడానికి అది పనికిరాదు. దాన్ని నిలబెట్టేది ముఖ్యంగా ఉప్పు, నూనె, మామిడికాయ సొంత పులుపు. బుడగలు వస్తున్నాయంటే ఆవకాయకి అది మంచి కబురు కాదు.

సెలవుల మధ్యలో ఊరెళ్తామన్నారు. క్యారెట్ సీసా ఫ్రిజ్‌లో ఉంటుంది, పిండి అయిపోగొట్టండి. పెరుగు తోడు మాత్రం ఐస్ ట్రేలో రెండు గడుల్లో పోసి ఫ్రీజర్‌లో పెట్టండి. తిరిగొచ్చాక ఒక ముక్క బయటపెట్టి కరిగాక గోరువెచ్చటి పాలలో వేస్తే తోడుకుంటుంది. మొదటిసారి కాస్త ఆలస్యంగా, పలచగా రావచ్చు. దాంట్లోంచే తీసి మళ్ళీ తోడు వేస్తే రెండోసారికో మూడోసారికో మామూలుగా వచ్చేస్తుంది.